బండి తేలిగ్గా ఉండాల.. లాగుడు తగ్గకూడదు!

హోసూరులో బాగలూరు రోడ్డులో గానీ, తళి రోడ్డులో గానీ ఏ మెకానిక్ షాపు ముందు అరగంట నిలబడినా ఒక మాట చెవిన పడక మానదు. ‘అన్నా, కొత్త ఇంజిన్ వస్తాదంట కదా.. నిజమేనా?’ అని పాతికేళ్లు నిండని కుర్రోడు అడుగుతాడు. స్పార్క్ ప్లగ్గు తుడుస్తున్న మనిషి తల ఎత్తకుండానే ‘వస్తే చూద్దాం లేప్పా’ అంటాడు. ఏళ్లుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

కుర్రోడు అడిగేది పందేల బండి గురించి కాదు. సీటు కిందికి, హ్యాండిల్ మీదికి, కాళ్లు కాస్త ముందుకు పెట్టి నడుము వంచకుండా తోలుకుపోయే బండి గురించి. దానికే క్రూయిజర్ అని పేరు. అందులోనూ రెండొందల కిలోల బరువున్నది కాదు.. షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి ఇంటికొచ్చినప్పుడు వాకిలి గట్టు మీదికి ఒక్కడే నెట్టుకోగలిగేది కావాలి. ఆదివారం పెళ్లాన్ని వెనకాల కూర్చోబెట్టుకుని కుప్పానికో, పలమనేరుకో పోయి రాగలిగేది కావాలి. అలాంటి బండికి తగ్గ ఇంజిన్ కోసం ఎదురుచూపు ఇది.

ఈ ఎదురుచూపు హోసూరులో ఎక్కువగా ఉండడానికి కారణం లేకపోలేదు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ బయటికొచ్చింది ఈ ఊరి నుంచే. బీఎండబ్ల్యూతో 2013లో కుదిరిన ఒప్పందం తర్వాత ఆ జర్మనీ కంపెనీ 310 సీసీ బళ్లు కూడా ఇక్కడే తయారయ్యాయి. సిప్‌కాట్‌లో ఏ వీధిలో చూసినా ఏదో ఒక బండికి సంబంధించిన విడిభాగం తయారవుతూనే ఉంటుంది. తండ్రి ఫ్యాక్టరీలో, కొడుకు పాలిటెక్నిక్‌లో, బావమరిది స్పేర్‌పార్టుల అంగట్లో.. ఇలాంటి ఇళ్లలో ఇంజిన్ గురించి మాట్లాడుకోవడం వానల గురించి మాట్లాడుకున్నట్టే. కాబట్టి ఇక్కడి కుర్రోళ్లకు ‘ఎన్ని సీసీలు?’ అని అడగడం వచ్చు. అడగాల్సిన అసలు ప్రశ్న మాత్రం అది కాదు.

గుర్రం కాదు, కాడెద్దు

ఇంజిన్‌కు రెండు గుణాలు. ఒకటి ఉరుకుడు, రెండోది లాగుడు. మొదటిదాన్ని పీఎస్‌లోనో, బీహెచ్‌పీలోనో చెబుతారు. రెండోది టార్క్, దాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. పందేల బండికి ఉరుకుడు కావాలి. ఇంజిన్ నిమిషానికి 8, 9 వేల తిరుగుళ్లు తిరిగినప్పుడు దాని బలం బయటపడినా ఫర్వాలేదు. తోలేవాడు అక్కడికి తీసుకుపోవడానికే దాన్ని కొన్నాడు. క్రూయిజర్ అలా కాదు. అత్తిబెలె నుంచి చందాపురం దాకా ట్రాఫిక్‌లో పాకేటప్పుడు, దెంకణికోట దాటాక అంచెట్టి ఘాట్ ఎక్కేటప్పుడు, గేరు మార్చకుండా, గొంతు చించుకోకుండా లాగాలి. అంటే బలం 3, 4 వేల తిరుగుళ్ల లోపలే చేతికి రావాలి. దుక్కిలో కాడెద్దు నడిచినట్టు.

ఆ లాగుడు ఎక్కడినుంచి వస్తుంది? పిస్టన్ వెడల్పును బోర్ అంటారు, అది పైకీ కిందికీ ఆడే దూరాన్ని స్ట్రోక్ అంటారు. సీసీలు సమానమైనా, వెడల్పు ఎక్కువ పెట్టి దూరం తగ్గిస్తే ఇంజిన్ వేగంగా తిరగగలుగుతుంది. దూరం పెంచితే నిదానంగా తిరుగుతూ లాగే స్వభావం వస్తుంది. వాల్వులు తెరుచుకునే సమయం, గాలి పోయే దారి, గేర్ల పళ్ల లెక్క వంటివి కూడా ఉంటాయి గానీ మొదటి గీత గీసేది ఇక్కడే. ఒక మెకానిక్ మాటల్లో చెప్పాలంటే ‘ఇంజిన్ గుణం పుట్టుకతోనే వస్తాది, ట్యూనింగుతో రాదు’.

తేలికపాటి క్రూయిజర్లకు ఈ దేశంలో జరిగిన అన్యాయం సరిగ్గా ఈ పుట్టుక దగ్గరే జరిగింది.

2001లో కవాసాకీ-బజాజ్ ఎలిమినేటర్ వచ్చింది. 175 సీసీ. ఆ కాలానికి దాని ధర చాలామందికి అందలేదు. ఆ తర్వాత యమహా ఎంటైసర్ 125 సీసీతో వచ్చింది. చూపుకు క్రూయిజరే, ఇద్దరెక్కితే మాత్రం ఏటవాలు రోడ్డులో మూలిగేది. 2005లో బజాజ్ అవెంజర్. ఎలిమినేటర్ ఒళ్లు, పల్సర్ 180 గుండె. 2007లో 200, 2010లో 220. ప్రతిసారీ పల్సర్‌లో ముందుగా వచ్చిన ఇంజిన్‌నే తెచ్చి కొంచెం మెత్తబరిచి ఇందులో కూర్చోబెట్టారు. 2015లో 150 వచ్చింది. 2018లో దాని స్థానంలో 180. 2019లో దాని స్థానంలో 160. సీసీలు ఎక్కాయి, దిగాయి, మళ్లీ ఎక్కాయి, మళ్లీ దిగాయి. క్రూయిజర్ కోసమని మొదటి నుంచీ గీసిన ఇంజిన్ ఒక్కటీ రాలేదు. 163 కిలోల అవెంజర్ క్రూయిజ్ 220లో 17.55 న్యూటన్ మీటర్ల లాగుడు ఉంది. కానీ అది పూర్తిగా అందేది 7 వేల తిరుగుళ్ల దగ్గర. కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషి చేత పందెగాడి చేతివాటం చేయించడమే అది.

అలాగని అరువు ఇంజిన్‌ను పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. పల్సర్ స్పేర్లు షూలగిరిలో దొరుకుతాయి, వేపనపల్లిలో దొరుకుతాయి. రాత్రి పది గంటలకు క్లచ్ ప్లేట్లు పోయినా తెల్లారేసరికి బండి కదులుతుంది. అవెంజర్ అన్నేళ్లు బతకడానికి 737 మిల్లీమీటర్ల పొట్టి సీటు ఎంత కారణమో, అడుగడుగునా దొరికే ఆ స్పేర్లు కూడా అంతే కారణం. పొట్టిగా ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లు రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడగలిగిన బండి అదొక్కటే అనేవాళ్లు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు.

రెండో దారి రాయల్ ఎన్‌ఫీల్డ్‌ది. 2020 నవంబరులో వచ్చిన మీటియర్ 350లో పిస్టన్ వెడల్పు 72 మిల్లీమీటర్లు, అది ఆడే దూరం 85.8. లాగుడు 27 న్యూటన్ మీటర్లు, అదీ 4 వేల తిరుగుళ్ల దగ్గరే. పాత థండర్‌బర్డ్ లాగా చేతులు జివ్వుమనకుండా లోపల బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టారు. క్రూయిజర్ ఇంజిన్ అంటే ఎలా ఉండాలో అది చూపించింది. కానీ బండి బరువు 191 కిలోలు. ఆఫీసుకు పోయి వచ్చే మనిషికి అది సరే. బాగలూరు పక్క గులాబీ తోటల్లో తెల్లారుజామున పూలు కోయించి మార్కెట్‌కు పరుగెత్తే రైతుకు, మట్టిదారిలో బండి పక్కకు ఒరిగితే ఒక్కడే లేపాల్సిన మనిషికి అది భారమే. ఒకవైపు తేలికైనా లాగని బండి, ఇంకోవైపు లాగినా లేవని బండి. నడుమ ఖాళీ అలాగే ఉండిపోయింది.

2018 ఫిబ్రవరిలో ఆశ పుట్టింది

ఆ ఖాళీని పూడ్చే బండి హోసూరు కంపెనీ నుంచే వస్తుందని 2018లో గట్టి నమ్మకం కలిగింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పోలో టీవీఎస్ జెప్పెలిన్ పేరుతో ఒక క్రూయిజర్ నమూనా పెట్టింది. 220 సీసీ ఇంజిన్. దానికి తోడు 48 వోల్టుల లిథియం బ్యాటరీ, 1200 వాట్ల ఎలక్ట్రిక్ మోటారు సాయం. చైను బదులు బెల్టు. ఇందులో తెలివైన సంగతి ఆ మోటారే. పెట్రోల్ ఇంజిన్‌కు తక్కువ తిరుగుళ్లలో లాగుడు తక్కువ. మోటారుకు కదలిక మొదలయ్యే క్షణం నుంచే లాగుడు ఉంటుంది. ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది. బరువు పెంచకుండా కాడెద్దు బలం తెచ్చే ఉపాయం అది. ఫొటోలు సెల్‌ఫోన్లలో ఊరూరా తిరిగాయి. కొనాలనుకున్న బండ్లను ఆపుకుని కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

నాలుగేళ్లు గడిచాయి. 2022 జూలైలో వచ్చింది జెప్పెలిన్ కాదు, రోనిన్. 225.9 సీసీ. ధర 1.49 లక్షల నుంచి మొదలు. స్టార్టు కొట్టేటప్పుడు శబ్దం రాని స్టార్టర్-జనరేటర్ వచ్చింది గానీ లాగుడుకు సాయపడే ఆ మోటారు రాలేదు. బెల్టు రాలేదు. సీటు 795 మిల్లీమీటర్ల ఎత్తు. కాళ్లు పెట్టే చోటు మామూలు బండిలాగే. కంపెనీ కూడా దాన్ని అచ్చమైన క్రూయిజర్ అని చెప్పుకోలేదు. ఎదురుచూసినోళ్లు పెదవి విరిచారు.

పెదవి విరిచినోళ్లు ఒక సంగతి గమనించలేదు. అపాచీ 200 ఇంజిన్‌లో పిస్టన్ వెడల్పు 66 మిల్లీమీటర్లు, ఆడే దూరం 57.8. రోనిన్‌లో వెడల్పు అదే 66.. దూరం కూడా 66. అంటే 8.2 మిల్లీమీటర్లు పెంచారు. బలం దాదాపు అంతే, రెండింటికీ 20 పీఎస్ చిల్లర. కానీ లాగుడు 19.93 న్యూటన్ మీటర్లకు పెరిగింది. అంతకన్నా ముఖ్యం, అపాచీలో 7 వేల పైన గానీ పూర్తిగా అందని లాగుడు రోనిన్‌లో 3,750 తిరుగుళ్లకే అందుతోంది. బండి బరువు సుమారు 160 కిలోలు. అరువు ఇంజిన్‌ను తెచ్చి మెత్తబరచడం వేరు, దాని పుట్టుకనే మార్చడం వేరు. రోనిన్‌లో జరిగింది రెండోది. జెప్పెలిన్ రాలేదన్న కోపంలో ఈ 8.2 మిల్లీమీటర్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కంపెనీ ప్రకటనల్లోనూ రంగుల గురించి చెప్పినంతగా దీని గురించి చెప్పలేదు.

ఇప్పుడు మళ్లీ ఆశ మొదలైంది. 2024 డిసెంబరులో టీవీఎస్ 299.1 సీసీ కొత్త ఇంజిన్‌ను చూపించింది. 2025 అక్టోబరులో అదే ఇంజిన్‌తో అపాచీ ఆర్‌టీఎక్స్ రోడ్డు మీదికి వచ్చింది. నీటితో చల్లబడే ఇంజిన్, 28.5 న్యూటన్ మీటర్ల లాగుడు. ‘దీన్నే తెచ్చి క్రూయిజర్‌లో పెడితే చాలు కదన్నా’ అన్నది షాపుల ముందు వినిపిస్తున్న కొత్త మాట.

చాలదు. ఆ లాగుడు పూర్తిగా వచ్చేది 7 వేల తిరుగుళ్ల దగ్గర. కొండదారుల్లో, దూర ప్రయాణాల్లో దూసుకుపోయే బండికి అది సరైనదే. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పొట్టి సీటు కింద పెడితే అవెంజర్ కథ మళ్లీ మొదటికొచ్చినట్టే. రోనిన్‌కు చేసినట్టు దీనికీ స్ట్రోక్ పెంచి, వాల్వుల సమయం మార్చి, ఆ లాగుడును 4 వేల లోపలికి దించితేనే దాన్ని కొత్త క్రూయిజర్ ఇంజిన్ అనాలి. కంపెనీ ఆ పని చేస్తుందో లేదో ఇంకా బయటపెట్టలేదు. చేయగలదని మాత్రం రోనిన్‌తో రుజువైంది.

ఎంత లాగుడు ఉంటే చాలు?

కాగితం మీద చిన్న లెక్క వేయవచ్చు. మీటియర్‌లో వంద కిలోల బండి బరువుకు 14.1 న్యూటన్ మీటర్ల లాగుడు పడుతుంది. రోనిన్‌లో 12.5. అవెంజర్ 220లో 10.8. 160 కిలోల బండి మీటియర్‌కు సమానంగా లాగాలంటే 22.6 చాలు. ఇది ఖాళీ బండి లెక్క. ఇద్దరెక్కి, సంచులు తగిలించి మొత్తం 140 కిలోలు అదనంగా పడితే లెక్క మారుతుంది, అప్పుడు 24.5 కావాలి. రోనిన్ ఇంజిన్‌లో సీసీకి ఎంత లాగుడు వస్తోందో అదే పాళ్లలో చూసుకుంటే 280 సీసీ దగ్గర ఆ 24.5 అందుతుంది. 350 అక్కర్లేదు, 440 అసలే అక్కర్లేదు. బండి బరువును 160 దాటనివ్వకపోతే చాలు. కష్టమంతా అక్కడే ఉంది. ఇంజిన్ పెరిగితే ఫ్రేమ్ బలం పెంచాలి, ఫ్రేమ్ పెరిగితే బ్రేకు పెంచాలి, రేడియేటర్ పెడితే నీళ్లు మోయాలి. ఆ పెరుగుదలను ఎక్కడ ఆపాలో తెలిసిన ఇంజినీరే ఈ బండిని తయారుచేయగలడు.

పన్ను కూడా ఈ దిక్కుకే తోస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. 350 దాటితే 40. గీతకు అటూ ఇటూ తేడా 22 శాతం. పన్ను లేకుండా లక్షన్నర పలికే బండికి ఒక వైపు 27 వేలు, ఇంకో వైపు 60 వేలు. ఇంజిన్ ఎంత పెద్దగా ఉండాలో ఇకమీదట ఇంజినీరు కన్నా ముందు ఆడిటర్ చెబుతాడు! 2023లో హీరోతో కలిసి హార్లే తెచ్చిన ఎక్స్440 లాంటివి ఆ గీత అవతల పడిపోయాయి. చిన్న క్రూయిజర్‌కు ఇంతకన్నా మంచి అదను దొరకదు. అయితే అందరూ ఎగబడి 349 దగ్గరే నిలబడితే, మళ్లీ రెండొందల కిలోల బండ్లే వరస కడతాయి. పన్ను గీతను గమ్యం అనుకోవడం కంపెనీలకు అలవాటు.

మెకానిక్ మాట అడిగేదెవరు?

కొత్త ఇంజిన్ అనగానే కుర్రోళ్ల కళ్లు మెరిసినంతగా షాపుల్లో మెరవడం లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కార్బొరేటర్ పోయింది. దాని స్థానంలో ఇంజెక్టరు, పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సరు, కన్వర్టరు చేరాయి. ఇంజిన్ తన లోపాన్ని తానే కనిపెట్టి లైటు వెలిగించే ఓబీడీ పద్ధతి కూడా వచ్చింది, దాన్ని 2023లో, 2025లో ఇంకా బిగించారు. గాలి బాగుపడడానికి ఇవన్నీ కావాల్సినవే. పొగ మింగుతూ సిగ్నల్ దగ్గర నిలబడేది కూడా ఈ బండి వాళ్లే. కానీ స్క్రూ పావు చుట్టు తిప్పి, చెవి పెట్టి విని సరిచేసిన చేతులు ఇప్పుడు స్కానర్ లేనిదే ముందుకు కదలవు. ఆ స్కానరు, ఆ సమాచారం షోరూముల దగ్గర ఉంటాయి. ఫ్రీ సర్వీసులు, వారంటీ ముగిసిన బండి మాత్రం చివరికి వచ్చేది వీధి చివరి షాపుకే.

తేలిక క్రూయిజర్ కొనేవాడు బండిని మూడేళ్లకు మార్చేవాడు కాదు. తిప్పుతాడు, బాగుచేయించుకుంటాడు, తమ్ముడికిస్తాడు. టీఎన్ 70 నంబరు బండి పదేళ్ల తర్వాత కుప్పం పల్లెల్లో తిరుగుతూ కనిపించడం ఇక్కడ వింత కాదు. కాబట్టి కొత్త ఇంజిన్‌తో పాటు దాని రోగాల పుస్తకం కూడా బయటికి రావాలి. తక్కువ ధరకు స్కానరు, నాలుగు రోజుల శిక్షణ.. తమిళంతో పాటు ఈ పక్క షాపుల్లో మాట్లాడుకునే తెలుగు, కన్నడాల్లో ఇస్తే కంపెనీల ఆస్తి కరిగిపోదు. పల్సర్ గుండెతో అవెంజర్ బతికినన్నాళ్లూ బతికింది ఈ చేతుల వల్లేనని కంపెనీలు మరిచిపోతే కష్టం.

ఇంకో మాట కూడా వినిపిస్తోంది. ఏథర్ స్కూటర్లు హోసూరులోనే తయారవుతున్నాయి, ఓలా ఫ్యాక్టరీ ఇదే కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఉంది, ఇంకా పెట్రోల్ ఇంజిన్ కోసం ఎదురుచూడడం దేనికని. ఊళ్లో తిరుగుడుకు ఆ మాట నిజమే. తిరుపతి కొండకు మొక్కు తీర్చుకోవడానికి కుటుంబంతో బయలుదేరిన మనిషికి దారిలో చార్జింగు కోసం కూర్చోవడం ఇంకా ఇష్టం లేదు. పైగా ఈ రెండింటినీ పోటీగా చూడడం దేనికి? ఇంజిన్ చేయగలవాళ్లు, మోటారు చేయగలవాళ్లు ఒకే తాలూకాలో ఉన్నారు. టీవీఎస్ తానే 2020 నుంచి ఐక్యూబ్ స్కూటర్ అమ్ముతోంది. 2018లో నమూనాగా నిలబెట్టి మూలన పెట్టిన ఆ మోటారు సాయం అప్పటికన్నా ఇప్పుడు సులువు. 225 సీసీ ఇంజిన్‌కే ఆ సాయం తోడైతే 280 సీసీ లెక్క కూడా అక్కర్లేకపోవచ్చు.

కొత్త బండి వచ్చే రోజు షోరూము ముందు బెలూన్లు కడతారు, కుర్రోళ్లు సెల్‌ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగుతారు. అమ్మే మనిషి సీసీలు చెబుతాడు, డిస్‌ప్లే చూపిస్తాడు, నెల వాయిదా లెక్క కట్టి చేతిలో పెడతాడు. లాగుడు ఎన్ని తిరుగుళ్ల దగ్గర అని ఒక్కడైనా అడగాలి. టెస్ట్ రైడ్ బస్టాండు చుట్టూ ఒక రౌండు కాకుండా అంచెట్టి ఘాట్ దాకా ఇవ్వమనాలి. వెనకాల ఇంకో మనిషిని కూర్చోబెట్టుకుని, మూడో గేరులో, గేరు దించకుండా..